నార్డిక్ వాకింగ్ పోల్స్: కార్బన్ కంటే ముందు చూడాల్సింది చేతి పట్టీ

రెండు చేతుల్లో పోల్స్ అనే పొడవాటి కర్రలు పట్టుకుని, వాటితో నేలను నెడుతూ సాగే నడకే నార్డిక్ వాకింగ్. దానికి పోల్స్ కొనేవారు చాలామంది ముందుగా వాటిలో కార్బన్ నార ఎంత శాతమో, బరువు ఎన్ని గ్రాములో అడుగుతారు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేవి కూడా అవే. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో ఉంటూ, ఎండాకాలమైనా మంచుకాలమైనా వీటితోనే నడుస్తున్నాను కాబట్టి నా అభిప్రాయం స్పష్టంగా చెప్పగలను: పోల్ మంచిదా కాదా అన్నది మొదట చేతి పట్టీని బట్టి, తరువాత పొడవును బట్టి, ఆపైన కొనకు తొడిగే రబ్బరును బట్టి తేలుతుంది. నేను వాడేది పొడవు మార్చడానికి వీల్లేని, ఒకే ముక్కగా ఉండే 115 సెంటీమీటర్ల కార్బన్ మిశ్రమపు జత. హైదరాబాద్ నుంచి మా నాన్నగారు వేసవి గడపడానికి వచ్చినప్పుడు ఆయన కోసం పొడవు సర్దుకునే జత ఒకటి కొన్నాము. ఈ రెండింటి గురించే ఈ సమీక్ష.

ఈ నడకలో పోల్‌ను చేతికర్రలా ముందు ఆనించి దాని మీద బరువు వేయరు. మొన ఎప్పుడూ ముందడుగుకు వెనకనే, ఏటవాలుగా నేలను తాకాలి. అక్కడి నుంచి ఒంటిని ముందుకు నెడుతూ చేయి తుంటి దాటి వెనక్కి పోయేసరికి పిడిని వదిలి వేళ్లు తెరుచుకోవాలి. వేళ్లు తెరుచుకున్న ఆ క్షణంలో పోల్ జారిపోకుండా ఆపేదీ, నెట్టే బలాన్ని అరచేతి నుంచి పోల్‌లోకి చేర్చేదీ పట్టీయే. అందువల్ల కొండదారుల్లో వాడే ట్రెకింగ్ పోల్స్‌కు వేలాడే వదులు పట్టీ ఇక్కడ ఎంతమాత్రం పనికిరాదు. బొటనవేలు దూర్చుకునే చోటుతో, వేళ్లు లేని గ్లవ్‌లాగా అరచేతికి అతుక్కుని ఉండే పట్టీ కావాలి. అందులో ఎడమ, కుడి వేరువేరుగా ఉంటాయి. నా జతలో చిన్న మీట నొక్కగానే పట్టీ పిడి నుంచి ఊడివస్తుంది. సున్నాకు పది డిగ్రీలు కిందికి దిగిన ఉదయం పూట జేబులోంచి తాళంచెవులు తీయాలన్నా, ముక్కు తుడుచుకోవాలన్నా, చేతికి పట్టీ బిగించి ఉండగానే పోల్‌ను పక్కన పెట్టగలగడం ఎంత సుఖమో వాడినవారికే తెలుస్తుంది. ఈ ఒక్క సదుపాయం కోసం కొంత ఎక్కువ ధర పెట్టవచ్చునని నేను నిస్సంకోచంగా చెబుతాను.

మంచు మీద స్కీయింగ్ చేసే ఫిన్లాండ్ క్రీడాకారులు వేసవి సాధన కోసం పోల్స్ పట్టుకుని నడవడం, పరుగెత్తడం పాత అలవాటే. మామూలు జనం కోసం ప్రత్యేకంగా తయారైన పోల్స్‌ను ఎక్సెల్ అనే ఫిన్నిష్ సంస్థ 1997లో మార్కెట్‌లోకి తెచ్చాక ఇది దేశమంతటా వ్యాపించింది. ఇక్కడ పార్కులో డెబ్బై దాటిన స్త్రీలు ఇద్దరిద్దరుగా, కబుర్లు చెప్పుకుంటూ, నాకంటే వేగంగా సాగిపోతుంటారు. అమెరికాలోని కూపర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అదే వేగంతో నడిచినా పోల్స్ ఉన్నప్పుడు ఆక్సిజన్ వినియోగం సగటున 20 శాతం దాకా పెరిగింది, అయితే నడిచేవారికి శ్రమ అంతగా పెరిగినట్టు అనిపించలేదు. మోకాళ్ల మీద భారం బాగా తగ్గుతుందని అమ్మేవారు చెప్పే మాటను మాత్రం యథాతథంగా తీసుకోకూడదు. కొలిచి చూసిన పరిశోధనల్లో కొన్ని దానిని సమర్థించలేదు.

పొడవుకు వాడుకలో ఉన్న లెక్క సులువైనది. ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని 0.68తో హెచ్చించాలి. 170 సెంటీమీటర్ల మనిషికి 115.6 వస్తుంది కనుక 115 సరిపోతుంది. ఒకే ముక్క పోల్స్ సాధారణంగా ఐదేసి సెంటీమీటర్ల తేడాతో దొరుకుతాయి. లెక్క రెండింటి మధ్య పడితే కొత్తవారు చిన్నదే తీసుకోవాలి, ఎందుకంటే పొడవు ఎక్కువైతే భుజాలు పైకి లేచి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

హెల్సింకి నడుమ నుంచి ఉత్తరంగా సుమారు 10 కిలోమీటర్లు సాగే కేస్కుస్‌పుయిస్తో అనే అడవి పార్కు నా పోల్స్‌కు అసలైన పరీక్షాస్థలం. దాని కంకర బాటల మీద కార్బైడ్ అనే గట్టి పదార్థంతో చేసిన మొన చక్కగా దిగి పట్టు ఇస్తుంది. గట్టిపడిన మంచు మీద కూడా అంతే. తారు రోడ్డు రాగానే మొనకు రబ్బరు తొడగాలి. బూటు ఆకారంలో ఉండే ఆ రబ్బరు ముక్కు వెనక్కి చూస్తూ ఉండాలి. నేను పార్కులో చూసేవారిలో తిప్పి తొడుక్కున్నవారు ఎందరో! అలా తొడిగితే ప్రతి అడుగుకూ కొన నేలకు కుదురుగా ఆనదు. చలికాలంలో కాలిబాటల మీద జారకుండా చల్లిన రాతిముక్కలు వసంతంలో ఊడ్చేదాకా అక్కడే ఉంటాయి. అవి రబ్బరు గాడిలో ఇరుక్కుని, నేలకు ఆనించినప్పుడల్లా టక్కున చప్పుడు చేస్తూ రబ్బరును లోపలి నుంచి కోసేస్తాయి. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో నడిచేవారికి దారంతా తారు, సిమెంటే కాబట్టి, పోల్స్‌తో పాటే అదనపు రబ్బర్లు కొనిపెట్టుకోవడం మేలు.

హెల్సింకి దగ్గరి నూక్సియో జాతీయ వనం సంగతి వేరు. అక్కడ హౌక్కలంపి చెరువు దగ్గర మొదలయ్యే బాటల్లో వేర్లు, నున్నటి బండలు, బురద నేల మీద పరిచిన పలకల వంతెనలు ఉంటాయి. రెండు పలకల మధ్య సందులో మొన దిగబడి, మనిషి ముందుకు సాగిపోతే ఒకే ముక్క కార్బన్ పోల్ పక్కబలానికి పుటుక్కున విరిగే ప్రమాదముంది. అటువంటి చోట పట్టీలు విప్పుకుని నడవాలి, లేదా ట్రెకింగ్ పోల్స్ తీసుకెళ్లాలి. లయబద్ధంగా నెట్టుకుంటూ పోయే ఈ నడకకు అది తగిన చోటు కాదు.

నాన్నగారి జత గురించి రెండు మాటలు. విమానంలో పెట్టెలో పట్టడం, ఇంట్లో ఇద్దరు ముగ్గురు పంచుకోవడం దాని ప్రయోజనాలు. బిగింపు దగ్గర సన్నని అదురు మాత్రం మణికట్టుకు తెలుస్తుంది, నడకకు ముందు ప్రతిసారీ బిగింపు సరిచూసుకోవాలి. ఒక్కరే, ఒకే ఊళ్లో వాడుకునేవారికి ఒకే ముక్క జతే నా సిఫార్సు.

కొత్తగా మొదలుపెట్టినవారికి మరునాడు నొప్పి కాళ్లలో కంటే జబ్బల వెనక, వీపు పైభాగంలో కనిపిస్తుంది. అది సహజమైనదే, రెండు రోజుల్లో పోతుంది. ముంజేతిలో నొప్పి వస్తే పిడిని బిగించి పట్టుకుంటున్నారని అర్థం. మొదటి వారాల్లో అరగంట చాలు, నడుమ ఒక రోజు విరామం ఇవ్వాలి. నడక ముగియగానే రెండు పోల్స్ మీద చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాచి మడమ నేలకు తాకిస్తే పిక్కలు సాగుతాయి. మా అపార్ట్‌మెంటు నేలమాళిగలో అందరికీ కలిపి ఉన్న సౌనాలో, అంటే ఒళ్లు చెమటపట్టేలా వేడిచేసిన స్నానపు గదిలో, వారానికి ఒక గంట మా ఇంటి వంతు. సుదీర్ఘమైన నడకను ఆ రోజుకే పెట్టుకుంటాను. అంతకు ముందే నీళ్లు బాగా తాగాలి. రక్తపోటు, గుండె సమస్యలు ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా ఆ వేడిలోకి వెళ్లకూడదు. బయటికి వచ్చాక, ఇక్కడి దుకాణాల్లో పీమా పేరుతో దొరికే పుల్లని పాలలో నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం కలిపితే మన మజ్జిగకు దాదాపు సాటివస్తుంది. నడక తరువాత నాకు అంతకంటే హితవైన పానీయం ఇక్కడ దొరకలేదు.

నా జతలో లోపం ఒకటే, అదీ నేను అన్నిటికంటే ముఖ్యమన్న పట్టీలోనే. తడి, మంచు తగిలి తగిలి, పట్టీని అంటించి బిగించే వెల్‌క్రోలో దారపు పోగులు చిక్కుకుని, రెండో చలికాలానికి అంటుకోవడం మానేసింది. గట్టి బ్రష్‌తో శుభ్రం చేసినా కొంతవరకే ఫలితం కనిపించింది. అదృష్టవశాత్తు ఆ నమూనాకు పట్టీలు విడిగా దొరికాయి, పోల్స్ పారవేయకుండా సరిపోయింది. కాబట్టి డబ్బు కట్టే ముందు దుకాణంలో తప్పక అడగవలసినవి రెండున్నాయి: నా చేతి కొలతకు పట్టీ ఉందా, పాడైతే అది ఒక్కటే విడిగా అమ్ముతారా? రెండో ప్రశ్నకు ‘అమ్మం’ అని సమాధానం వస్తే, ఎంత తేలికైన కార్బన్ అయినా ఆ జతను అక్కడే వదిలి రావాలి.