ఆషాఢం సేల్‌కి ఏది మేలు: జిల్లా పేపర్లో ప్రకటనా, పేపర్ మధ్యలో పెట్టే పాంప్లెటా?

ఆషాఢం దగ్గర పడుతోందంటే మా మావయ్యకి రెండు టెన్షన్లు. ఒకటి మిగిలిపోయిన సరుకు, రెండోది ప్రకటన. విజయనగరంలో గంటస్తంభం నుంచి రెండు సందులు లోపలికి వస్తే మా బట్టల కొట్టు. చీరలు, నైటీలు, లుంగీలు, తువ్వాళ్లు, పిల్లల రెడీమేడ్లు. రోడ్డు మీద అద్దాల షోరూముల్లాగా దారిన పోయేవాళ్లకి మేం కనపడం కాబట్టి, ఎక్కడో ఒక కాగితం మీద పేరు పడితే తప్ప కొత్త మనిషి మా సందులోకి తిరగడు. అందుకే ఏటా ఇదే గొడవ. "ఈసారి పేపర్లో వేయిద్దాంరా" అని ఆయన, "పాంప్లెట్లు చాలు మావయ్యా" అని నేను. కొట్టు లెక్కలు రాసేది నేనే కనుక డబ్బులు ఎటు పోయాయో, ఎవరు దేన్ని చూసి వచ్చారో నాకు కొంత తెలుసు. రెండేళ్లు రెండూ చేసి చూశాం. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను, చిన్న కొట్లవాళ్లకి పనికొస్తుందేమోనని.

ముందు పేపరు సంగతి. చిన్న ఊరి కొట్టువాడు పెద్ద పేపర్లో ప్రకటన వేయడమనేది మా తాత రోజుల్లో లేని మాట. ఈనాడు 1974లో విశాఖలో మొదలైంది, జిల్లా ఎడిషన్లు వచ్చింది 1989లో. అంతకుముందు ప్రకటన వేయాలంటే నాలుగైదు జిల్లాలకి కలిపి డబ్బు కట్టాలి, మన సరుకు కొనేది మాత్రం మన ఊరివాళ్లే. జిల్లా టాబ్లాయిడ్లు, అంటే మెయిన్ పేపరుతో పాటు ఇచ్చే చిన్న సైజు జిల్లా పేపర్లు, వచ్చాకే కిరాణావాడు, ట్యూషన్ సెంటరు, పళ్ల డాక్టరు అందరూ పేపరెక్కారు. అయితే జిల్లా అన్నా మా కొట్టుకి ఎక్కువే. ఆ పేజీ బొబ్బిలి పోతుంది, రాజాం పోతుంది, చీపురుపల్లి, ఎస్.కోట అన్నిచోట్లకీ పోతుంది. 249 రూపాయల నైటీ కోసం రాజాం నుంచి బస్సెక్కి ఎవరొస్తారు చెప్పండి, రాజాంలో కొట్లు లేకనా? వాళ్లు చదివినందుకు కూడా మనమే కడుతున్నాం.

రేటు సెంటీమీటర్ల లెక్కన. ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, రంగులా నలుపూ తెలుపా, మొదటి పేజీయా లోపలా, దాన్ని బట్టి మారుతుంది. పండగ ముందు బేరం ఆడలేం, పండగ వెళ్లాక వాళ్లే ఫోన్ చేస్తారు. బిల్లు మీద జీఎస్టీ 5 శాతం. ఫ్లెక్సీ, కేబుల్ ప్రకటనలైతే 18. కాంపోజిషన్ స్కీములో, అంటే అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టేసే చిన్న వ్యాపారుల పద్ధతిలో, ఉన్న కొట్టుకి ఆ పన్ను వెనక్కి రాదు, అది కూడా ఖర్చులోనే వేసుకోవాలి.

ఇక పాంప్లెట్. ప్రెస్సులో 1/8 డెమ్మీ అనే చిన్న కరపత్రం సైజులో రెండు రంగులు వేయించుకుంటే, టాబ్లాయిడ్ లోపలి పేజీలో అరచేయంత ప్రకటనకి అయ్యే ఖర్చులో మాకు నాలుగు వేల కాగితాలు వచ్చాయి. పేపర్ ఏజెంటుకి వెయ్యికి ఇంత అని విడిగా ఇవ్వాలి. ఇందులో నాకు నచ్చేది ఒక్కటే: వీధులు మనం ఎంచుకోవచ్చు. కొత్తపేట, కంటోన్మెంట్, దాసన్నపేట అని ఏజెంటుకి చెబితే ఆ లైన్లలోనే వేయిస్తాడు. సైకిల్ మీదో నడిచో మా కొట్టుకి రాగలిగేవాళ్లే చదువుతారు.

వేయిస్తాడు అన్నాను గానీ, వేయిస్తాడా లేదా అన్నదే అసలు ప్రశ్న. మొదటి ఏడాది మాకు అనుమానం వచ్చి తెల్లవారుజామున నాలుగింటికి నేనే వెళ్లి నిలబడ్డాను. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక మూసిన షాపు అరుగు, పైన ఒక ట్యూబ్‌లైటు. వ్యాను వచ్చి కట్టలు విసిరేసి వెళ్లిపోయింది. ఒకాయన బ్లేడుతో ప్లాస్టిక్ పట్టీ కోసాడు. కుర్రాళ్లు ఆరుగురు నేల మీద కూర్చుని, ఎడమ పక్క మెయిన్ పేపరు, మధ్యలో టాబ్లాయిడ్, కుడి పక్క మా పాంప్లెట్లు. బొటనవేలు తడిగుడ్డకి ఒత్తడం, పేపరు తెరవడం, మా కాగితం లోపలికి జార్చడం, మూయడం. చూస్తుంటే పేక కలిపినట్టే ఉంది. మాది ఒక్కటే కాదు, ఆ రోజు ఒక స్కూలుదీ, ఒక బిర్యానీ సెంటరుదీ కూడా ఉన్నాయి. మా కాగితం బాగా పల్చన, రెండేసి అతుక్కుని వెళ్లిపోతున్నాయి. ఒక కుర్రాడు నన్ను చూసి నవ్వి "అన్నా, రేపు కొంచెం దళసరి కాగితం ఏయించండి, ఇవి సేతికి రావు" అన్నాడు. నాలుగు వేలు ఇస్తే మూడు వేల ఇళ్లకి కూడా చేరకపోవడానికి దొంగతనమే అక్కర్లేదు, పల్చటి కాగితం చాలు. అప్పటినుంచి కాగితం దళసరి పెంచి లెక్క తగ్గించాం. మిగిలినవి కట్టగా తిరిగి ఇమ్మని ఏజెంటుకి ముందే చెబుతాం, తిరిగి ఇస్తాడు కూడా, ఎదురుగా నిలబడ్డ రోజు మరీను.

తప్పులు దొర్లితే ఏమవుతుందో కూడా చూసుకోవాలి, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మేం టాబ్లాయిడ్లో వేయించిన ఏడాది ఫోన్ నంబర్లో ఒక అంకె మారింది. ఎవరి తప్పో ఇప్పటికీ తేలలేదు, మేం వాట్సాప్‌లో పంపిందే తప్పంటారు వాళ్లు. మూడు రోజులపాటు ఎవరో పాపం మోటార్లు బాగుచేసే ఆయనకి "నైటీలు ఎక్సెల్ సైజు ఉన్నాయా" అని ఫోన్లు. ఆయన మాకు ఫోన్ చేసి తిట్టాడు, మా అసలు నంబర్ ఎలా పట్టుకున్నాడో! సవరణ నాలుగో రోజు వేలెడంత వేశారు, అప్పటికి సేల్ అయిపోయింది. తర్వాతి ఏడాది పాంప్లెట్లో తేదీ తప్పు పడింది. మావయ్య, అత్త, నేను, పనిచేసే అమ్మాయి నలుగురం రాత్రి పదకొండు దాకా కూర్చుని అన్ని కాగితాల మీదా పెన్నుతో 13ని 18 చేశాం. చేతులు పడిపోయాయి, కానీ తెల్లారేసరికి తప్పు లేదు. పేపర్లో అచ్చయిన తప్పుని పెన్నుతో దిద్దలేం కదా.

మరి జనం? కౌంటర్ దగ్గర బిల్లు రాసేటప్పుడు "ఎలా తెలిసిందండీ" అని అడిగి బిల్లు పుస్తకం వెనక గీతలు పెట్టాను. టాబ్లాయిడ్ వారంలో పేపర్లో చూశామన్న కొత్తవాళ్లు పదకొండు మంది. పాంప్లెట్ పట్టుకుని వచ్చినవాళ్లు అరవై పైచిలుకు. ఇది చూసి నేను గెలిచాననుకున్నాను. కానీ పుస్తకం ఇటు తిప్పితే ఇంకో సంగతి ఉంది. పాంప్లెట్ వాళ్లలో సగం మంది అందులో రాసిన మూడు లుంగీల ఆఫరే కొని వెళ్లారు, మూడు కలిపి 499 దాంట్లో మాకు మిగిలేదేమీ లేదు. పేపరు చూసి వచ్చిన పదకొండు మందిలో ఒక కుటుంబం ఇంట్లో పెళ్లికి పెట్టుబడి చీరలు ఇరవైకి పైగా కట్టించుకెళ్లింది. పేపర్లో వేసిన కొట్టంటే పెద్ద కొట్టే అయి ఉంటుందని వచ్చారట, లోపలికి వచ్చాక ఆ పెద్దమ్మ అటూ ఇటూ చూసి "ఏటి బాబూ, పేపర్లో అంతలావు ఏసినారు, సూస్తే గొందిలో ఉన్నాది" అంది. అంది గానీ కొంది.

అందుకని నా లెక్క ఇది. పాత సరుకు కదలాలంటే, అంటే ఆషాఢం సేల్‌కి, పాంప్లెట్టే. శ్రావణం ముందు పెళ్లిబట్టలు అమ్మేవాళ్లయితే, జిల్లా నలుమూలల నుంచి జనం వచ్చే రకం సరుకు ఉంటే, పేపరు. మా దగ్గర పట్టుచీరలు లేవు కనుక మాకు పేపరు దండగే అనేవాణ్ణి, మొన్నమొన్నటి దాకా.

మావయ్య ఎందుకు పట్టుబడతాడో ఆలస్యంగా అర్థమైంది. ఆ ప్రకటన కటింగుని లామినేషన్ చేయించి కౌంటర్ అద్దం కింద పెట్టాడు. సూరత్ సరుకు తెచ్చే హోల్‌సేల్ వాళ్ల మనిషి ఆర్డరు రాసుకోవడానికి వచ్చి, టీ తాగుతూ దాన్ని చదివి, ఇదివరకు ముప్పై రోజుల అరువిచ్చేవాడు నలభై ఐదు చేశాడు. పాంప్లెట్ చూపిస్తే ఏ హోల్‌సేలరూ అరువు పెంచడు. అంటే పేపరు ప్రకటన కొనేవాళ్ల కోసం కాదు, మనకి అమ్మేవాళ్ల కోసం. నా గీతల్లో అది పడలేదు. అయినా ఆ పని రెండేళ్లకోసారి వేసినా జరుగుతుంది, లామినేషన్ చిరగదు కదా.

ఒకటి మాత్రం ప్రకటన కింద లెక్కెయ్యకండి: పండగ శుభాకాంక్షలు. దసరా వెళ్లిన మంగళవారం మా ఊరి జాతర, పైడితల్లి సిరిమానోత్సవం, ముందురోజు సోమవారం తొలేళ్లు. ఆ వారం ఊరి పేపర్లన్నీ శుభాకాంక్షలతో నిండిపోతాయి. పక్షపత్రిక, వారపత్రిక, పేరు విననివి కూడా వస్తాయి. విలేకరి కొట్టుకొచ్చి కూర్చుంటే కాదనలేం. మావయ్య ఫొటో తపాలా బిళ్లంత, పక్కన ముప్పై ఫొటోలు. అది వ్యాపారం కాదు, మొహమాటం. ఖాతాలో నేను దాన్ని చందాల కిందే రాస్తాను. నిజంగా సేల్ ప్రకటన వేయాలంటే ఆ వారం అస్సలు వద్దు, ఆ బొమ్మల మధ్య మనది ఎవరికీ కనపడదు. తొలేళ్లకి పల్లెల నుంచి వచ్చే జనం మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర కళ్లతో చూసి కొంటారు, పేపర్ చదివి కాదు. అప్పుడు బయట బల్ల వేసి సరుకు పేర్చడమే ప్రకటన.

మైకు ఆటో పల్లెలకి బాగుంటుంది, మానాపురం సంత లాంటి చోట మరీ బాగుంటుంది. కానీ పర్మిషన్ తీసుకోవాలి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మోగించకూడదు. ఊళ్లో తిప్పితే తిట్లు తప్ప బేరాలు లేవు. వాట్సాప్ స్టేటస్ ఉచితమే గానీ ఆల్రెడీ తెలిసినవాళ్లకే తెలుస్తుంది. స్థలం, ఇల్లు అమ్మేవాళ్లకి, సేల్స్ గర్ల్స్ కావాల్సినవాళ్లకి క్లాసిఫైడ్స్‌ని మించింది లేదు, రెండు లైన్లు చాలు. బ్యాంకులు తాకట్టు ఆస్తులు వేలం వేసేటప్పుడు ఇచ్చే సేల్ నోటీసు వేరే సంగతి, దాన్ని రెండు పేపర్లలో, అందులో ఒకటి స్థానిక భాషలో వేయాలని సర్ఫేసీ (బ్యాంకులు బాకీ వసూలు చేసుకునే చట్టం) రూల్సే చెబుతాయి. అక్కడ ఏది మేలు అన్న ప్రశ్నే లేదు.

ఏ కాగితమైనా రాసే మాటల దగ్గర కూడా రెండు దారులున్నాయి. "ఆషాఢం ధమాకా! భారీ తగ్గింపు! 50% వరకు!" అన్నది ఒకటి. "లుంగీలు 3 కలిపి 499. కాటన్ నైటీ 249. శుక్ర, శని, ఆదివారాలు మాత్రమే" అన్నది రెండోది. మొదటిది రాసిన ఏడాది "వరకు" అన్న మాట చీమంత అచ్చయింది, అన్నిటి మీదా సగం ధర అనుకుని వచ్చినవాళ్లతో మూడు రోజులు వాదనే. తప్పు మనదే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకి పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. సరుకు సరిపడా లేకుండా తక్కువ ధర ఎర వేయకూడదని 2022 జూన్‌లో మార్గదర్శకాలు కూడా ఇచ్చారు. మా సందుకి ఎవరూ జరిమానాకి రారు గానీ, పేరు పోతుంది. ధర రాసేస్తే గొడవే లేదు. లుంగీలు ఎన్ని ఉన్నాయో కూడా రాయమన్నాను, మావయ్య ఒప్పుకోలేదు. డోర్ నంబర్లు దండగ, గంటస్తంభం నుంచి ఎటు తిరగాలో ఒక గీత బొమ్మ వేస్తే చాలు.

ఈ ఏడాది మూడు వేలు కొట్టిస్తున్నాం, దళసరి కాగితం, ఒకే వైపు. శుక్రవారం పేపర్లో పెట్టాలంటే గురువారం సాయంత్రానికి కట్టలు ఏజెంటు ఇంటికి చేరాలి, వాన పడుతుంది కనుక ప్లాస్టిక్ సంచిలో. రేపు మధ్యాహ్నం ప్రెస్సులో ప్రూఫు చూడాలి. ప్రూఫులో ఉన్న ఫోన్ నంబరుకి అక్కడే నిలబడి డయల్ చేస్తాను, కొట్లో మావయ్య ఎత్తితేనే అచ్చుకి ఇస్తాను.