వాషింగ్టన్‌లో జాతీయ భద్రతా శిక్షణ: పాల్గొన్న విద్యార్థిని అభిప్రాయం

హైస్కూలు విద్యార్థుల కోసం వాషింగ్టన్‌లో నిర్వహించిన ఈ నాయకత్వ శిక్షణలో, ప్రభుత్వం గురించి విన్న ఉపన్యాసాలకంటే, 1947 నాటి చట్టంతో ఏర్పడి, భద్రతా విషయాల్లో అమెరికా అధ్యక్షుడికి సలహా ఇచ్చే జాతీయ భద్రతా మండలి పనితీరును అనుకరిస్తూ మాచేత చేయించిన అభ్యాసమే నాకు ఎక్కువ నేర్పింది. నాకు రక్షణ మంత్రి పాత్ర ఇచ్చారు. సైన్యాన్ని వెంటనే పంపాలని నేను గట్టిగా వాదిస్తుండగా, ఎదురుగా కూర్చున్న అమ్మాయి 1973 నాటి యుద్ధాధికారాల తీర్మానం ప్రతిని తీసి, సైన్యాన్ని పోరుకు పంపిన 48 గంటల్లోగా అధ్యక్షుడు ఆ సంగతి కాంగ్రెస్‌కు (అమెరికా చట్టసభకు) తెలియజేయాలన్న చోట పెన్సిలుతో గీత గీసి నా ముందుకు జరిపింది. ఆ నిబంధన సంగతే నేను ఆలోచించలేదు. చట్టానికి లోబడి నిర్ణయం తీసుకోవడం ఎంత కష్టమో అప్పుడే నాకు అర్థమైంది. కాంగ్రెస్ సమావేశమయ్యే క్యాపిటల్ భవనం సందర్శన మాత్రం హడావుడిగా ముగించారు. రుసుము కూడా సామాన్య కుటుంబాలకు భారమే కనుక, ఫీజు రాయితీ ఉందేమో దరఖాస్తుకు ముందే అడగడం మంచిది.