గుంటూరు, బెజవాడ షూట్లకి తక్కువ బడ్జెట్ సినీ లెన్స్: సిరూయ్ నైట్‌వాకర్ 35ఎంఎం టీ1.2 రివ్యూ

ముందే చెప్పేస్తా, ఏపీఎస్‌సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సార్) కెమెరా ఉండి పెళ్ళిళ్ళతో పాటు షార్ట్ ఫిల్మ్‌లు, కవర్ సాంగ్స్, లోకల్ యాడ్స్ చేసేవాళ్ళు మొదటి సినీ (వీడియో షూటింగ్ కోసమే చేసిన) లెన్స్‌గా దీన్ని ధైర్యంగా తీసుకోవచ్చు. కాకపోతే డబ్బా మీద టీ1.2 అని ఉంది కదా అని ఆ నంబర్ చూసి మాత్రం తీసుకోవద్దు, ఇందులో మన డబ్బులు నిజంగా పనికొచ్చేది ఫోకస్ రింగ్ దగ్గర.

నేను వాడేది సోనీ ఎఫ్ఎక్స్30 మీద, ఈ-మౌంట్ (సోనీ బాడీలకి తగిలే) వెర్షన్. ఈ సిరీస్ 2023లో 24, 35, 55 ఎంఎం లెన్సులతో మొదలైంది, మూడూ టీ1.2నే, లాంచ్ రేటు ఒక్కోటి 349 డాలర్లు. ఇక్కడ షాపుల్లో రేటు అడిగేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపి చెప్తున్నారా విడిగానా అని ముందే తేల్చుకోండి, బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. మెటల్ బాడీ, బరువు అరకిలో పైచిలుకు, ముందు ఫిల్టర్ సైజు 67. గింబల్ మీద పెట్టినా మోటార్లకి ఇబ్బంది ఉండదు. మన సెన్సార్ మీద 35 అంటే ఫుల్ ఫ్రేమ్‌లో దాదాపు 52 లాగా కనిపిస్తుంది, అంటే ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్, నడుం దాకా షాట్, క్లోజప్ అన్నీ ఒక్కదాంతో అయిపోతాయి, అందుకే మూడింటిలో ముందు 35 అంటాను.

ఇప్పుడు ఆ రింగ్ సంగతి. ఇప్పటి ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటికి రింగ్‌కీ లోపల గాజుకీ నేరుగా సంబంధం ఉండదు, మధ్యలో మోటార్ ఉంటుంది, గబుక్కున తిప్పితే ఒకలా నెమ్మదిగా తిప్పితే ఒకలా పోతుంది, కాబట్టి మార్క్ పెట్టుకున్నా రెండో టేక్‌లో ఫోకస్ అక్కడికి రాదు. దీనికి అలా కాదు, 270 డిగ్రీలు అంటే ముప్పావు చుట్టు తిరుగుతుంది, రెండు చివర్లా ఆగుతుంది, మార్క్ పెట్టిన చోటే ప్రతిసారీ ఫోకస్ ఉంటుంది. ఫాలో ఫోకస్‌కి, అంటే రింగ్‌ని పళ్ళచక్రంతో తిప్పే పరికరానికి, కావాల్సిన 0.8 మాడ్ సైజు పళ్ళు రింగ్ మీదే ఉన్నాయి, విడిగా గేర్ బెల్టు చుట్టే పని లేదు. ఆర్టిస్ట్ తలుపు దగ్గర్నుంచి మంచం దాకా నడిచొచ్చే సీన్ ఉందనుకోండి, టేపుతో రెండు దూరాలు కొలిచి రింగ్ మీద రెండు గీతలు పెట్టుకుంటే అసిస్టెంట్ కుర్రాడు కూడా రెండు రిహార్సల్స్‌లో పట్టేస్తాడు. షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్ళకి ఈ ఒక్క సుఖం చాలు. ఫోకస్ మారేటప్పుడు ఫ్రేమ్ కొంచెం జూమ్ అయినట్టు కదలడం, అదే బ్రీతింగ్, ఇందులో ఉంది గానీ చాలా తక్కువ, మామూలు ఫోటో ప్రైమ్‌తో (జూమ్ లేని లెన్స్‌తో) పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

టీ1.2 దగ్గరికొస్తే, టీ నంబర్ అంటే లెన్స్ లోంచి నిజంగా బయటికొచ్చే వెలుతురు కొలత, గాజుల్లో కొంత పోతుంది కాబట్టి ఎఫ్ నంబర్ కన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది, ఎఫ్1.4 లెన్స్ టీ1.5 అలా. దీనివల్ల లాభం ఏంటంటే సిరీస్‌లో లెన్స్ మార్చినా ఎక్స్‌పోజర్ మారదు. అంతవరకు బాగుంది, కానీ ఐదడుగుల దూరంలో మనిషిని టీ1.2లో పెడితే ఫోకస్‌లో ఉండేది సుమారు 9 సెంటీమీటర్లే, కళ్ళు షార్ప్‌గా ఉంటే చెవులు పోతాయి, మనిషి కాస్త ముందుకి వంగినా పోయింది షాట్. అదే టీ2.8లో 20 సెంటీమీటర్ల దాకా వస్తుంది. పైగా ఫుల్ ఓపెన్‌లో ఇమేజ్ మెత్తగా ఉంటుంది, లైట్ల అంచుల్లో ఊదా రంగు కనిపిస్తుంది, పెళ్ళికూతురి ముఖానికి ఆ మెత్తదనం నాకు నచ్చుతుంది గానీ పట్టుచీర జరీ మెరుపు దగ్గర ఊదా అంచు చిరాకు పెడుతుంది. టీ2 నుంచి టీ2.8 మధ్యలో లెన్స్ అసలు బలం బయటపడుతుంది, నేను ఎక్కువ అక్కడే ఉంటా. నిజంగా వెలుతురు లేని చోట, రాత్రి కృష్ణ ఒడ్డున బ్యారేజీ లైట్లు వెనక పెట్టి తీసేటప్పుడు, టీ1.2 ఉండటం వరమే.

పగలు మాత్రం ఎన్‌డీ (వెలుతురు తగ్గించే ఫిల్టర్) లేకుండా ఈ లెన్స్ బయటికి తీయొద్దు. లెక్క చూడండి, ఎఫ్ఎక్స్30లో ఎస్‌లాగ్3 (తర్వాత కలర్ గ్రేడింగ్ చేసుకోవడానికి తీసే ఫ్లాట్ ప్రొఫైల్) బేస్ ఐఎస్ఓ 800, 25 ఫ్రేమ్స్‌కి షట్టర్ 1/50, మిట్టమధ్యాహ్నం ఎండలో టీ2.8 కావాలంటే దాదాపు 9 స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగం) కట్ చెయ్యాలి. షాపులో ఎక్కువగా అంటగట్టే 2-5 స్టాప్ వేరియబుల్ ఎన్‌డీ దీనికి అస్సలు చాలదు, 6-9ది అడగండి.

గుంటూరు మిర్చి యార్డులో సీజన్‌లో తీసిన షాట్లు ఈ లెన్స్‌తో నాకు బాగా నచ్చినవి, కుప్పలు పోసిన కాయ ఎరుపు, మధ్యలో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తున్న హమాలీల ముఖాలు, రెండూ ఒకే ఫ్రేమ్‌లో ఉన్నా స్కిన్ టోన్ పాడవలేదు. అక్కడ ఎరుపు చాలా ఈజీగా కొట్టేసినట్టు అయిపోద్ది కాబట్టి వేవ్‌ఫామ్ (వెలుతురు చూపే గ్రాఫ్) ఒక్కటే కాకుండా, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ పరేడ్ చూసుకుని రెడ్‌ని కొంచెం కిందే ఉంచండి. ఇంకో ముఖ్యమైన మాట, యార్డు లోపల లెన్స్ మార్చొద్దు, ఆ కారం దుమ్ము సెన్సార్ మీద పడితే వదలదు. ఒక్క 35తో లోపలికి వెళ్ళి దాంతోనే బయటికి రండి.

పెళ్ళిళ్ళకి పనికొస్తుందా అంటే సగం పనికొస్తుంది. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ లాంటివి ఒక్కసారే జరుగుతాయి, పంతులుగారు మనకోసం రెండో టేక్ ఇవ్వరు కదా, అక్కడ ఆటోఫోకస్ లెన్స్ ఉన్న బాడీయే ఉండాలి. పెళ్ళికూతురి అలంకరణ, ప్రీ వెడ్డింగ్, అప్పగింతల్లో నెమ్మదిగా సాగే షాట్లు, వీటికి నైట్‌వాకర్ తీసుకురండి. ఇంకోటి, దీనికి ఎలక్ట్రానిక్ కాంటాక్టులు లేవు, స్టెబిలైజేషన్ ఉన్న సోనీ బాడీ అయితే మెనూలో ఫోకల్ లెంగ్త్ మనమే 35 అని పెట్టాలి. జడ్‌వీ-ఈ10 లాంటి బాడీలో సెన్సార్ స్టెబిలైజేషనే లేదు కాబట్టి చేత్తో పట్టుకుని తీస్తే ఊగుడు తప్పదు, మోనోపాడ్ పెట్టుకోండి.

ఫుల్ ఫ్రేమ్ ఉన్నవాళ్ళు దీని జోలికి రావద్దు, ఇది సూపర్ 35 (దాదాపు ఏపీఎస్‌సీ సైజు) వరకే కవర్ చేస్తుంది. ఎఫ్ఎక్స్3, ఏ7ఎస్3 లాంటి 12 మెగాపిక్సెల్ బాడీలో క్రాప్ చేస్తే 4కే కూడా మిగలదు. మీకు శామ్యాంగ్ వీడీఎస్ఎల్ఆర్ 35 టీ1.5 మంచిది, ఫుల్ ఫ్రేమ్ కవర్ అవుతుంది, కానన్ ఈఎఫ్ మౌంట్‌లో తీసుకుంటే కానన్ మీదా, అడాప్టర్‌తో సోనీ మీదా వాడుకోవచ్చు, ఎందుకంటే ఈఎఫ్‌కి సెన్సార్ దూరం 44 మిల్లీమీటర్లు, సోనీ ఈ-మౌంట్‌కి 18, మధ్యలో అడాప్టర్‌కి చోటుంటుంది, రివర్స్‌లో మాత్రం కుదరదు. 7ఆర్టిజాన్స్ స్పెక్ట్రమ్ టీ2 కూడా ఫుల్ ఫ్రేమే, అది కూడా చూడండి.

కొనేముందు వీలైతే ఒకరోజు అద్దెకి తీసుకుని వాడండి. షాపులో అయితే రింగ్‌ని అటూ ఇటూ తిప్పి దిశ మార్చేటప్పుడు ఖాళీగా తిరుగుతుందా చూడండి, దూరంగా ఉన్న బిల్డింగ్ మీద ఇన్‌ఫినిటీ వస్తుందో లేదో చూడండి, టేపుతో ఒక మీటర్ కొలిచి రింగ్ మీద అంకెతో కలుస్తుందా చూడండి. సెకండ్ హ్యాండ్ అయితే ఫోన్ టార్చ్ వేసి లోపల బూజు గీతలు వెతకండి, మన కృష్ణా తీరం ఉక్కపోతకి బూజు చాలా త్వరగా పడుతుంది. ఇంట్లో గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, చిన్న తేమ మీటర్ ఒకటి పడేసి 40-50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. సెట్ మొత్తం ఒకేసారి కొనమని షాపువాళ్ళు అంటారు, 35తో నాలుగు పనులు చేశాక మీ షాట్లలో క్లోజప్‌లు ఎక్కువుంటే అప్పుడు 55 తీసుకోండి, 24కి తొందర లేదు.