ఊదితేనే స్టార్టయ్యే స్కూలు వ్యాను: చాన్నాళ్లు వాడాక

విజయనగరంలో స్కూలు వ్యాన్లు తిప్పుతాను. వాటికి ఆల్కహాల్ లాక్ పెట్టించి చాలాకాలమైంది. డ్రైవరు గొట్టంలో ఊదాలి, ఊపిరిలో మందు తేలకపోతేనే ఇంజిను స్టార్టవుతుంది. అమెరికాలో తాగి నడిపి శిక్ష పడ్డవాళ్ల కార్లకు దీన్నే పెట్టిస్తారు. న్యూ మెక్సికో రాష్ట్రం 2005లోనే, మొదటిసారి శిక్ష పడినవాళ్లకు కూడా తప్పనిసరి చేసింది. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అవి ఎవరినీ మర్నాడు స్టీరింగు పట్టకుండా ఆపవు. అందుకే నా అంతట నేనే పెట్టించాను.

దీని విలువ తెలిసేది పొద్దున్నే. రాత్రి పొద్దుపోయేదాకా తాగినవాడు తెల్లారి స్నానం చేసి టీ తాగి వస్తే వాసన రాదు, మాట తడబడదు. కానీ 100 మి.లీ. రక్తంలో మందు గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే తగ్గుతుంది. టీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా అంతకన్నా తొందరగా దిగదు.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం మర్నాడు, బుధవారం ఆరింటికి మా పాత డ్రైవరు ఊదితే ఎర్రలైటు వెలిగింది. చట్టం హద్దు 30 మిల్లీగ్రాములు, మా లాక్ 20కి పెట్టించాను. అది 50 దాటి చూపించింది. "రాత్రే ఆపేసినాను బాబూ, పొద్దున్న చుక్క ముట్టనేదు" అన్నాడు. నిజమే చెప్పాడు. ఎదురుగా నిలబడి మాట్లాడినా నాకు ఏమీ తెలియలేదు. ఆ ట్రిప్పుకి ఇంకొకరిని పంపాను. తొమ్మిదిన్నరకి మళ్లీ ఊదితే పచ్చలైటు వచ్చింది. మునుపైతే అనుమానించానని, నలుగురిలో పరువు తీశానని పెద్ద గొడవయ్యేది. ఇప్పుడా టెన్షన్ లేదు, నేనూ ఊదాకే బండి తీస్తాను. తాటికల్లు రోజుల్లో "కల్లు మందేటి?" అనేవాళ్లుంటారు. సెన్సారుకి రెండూ ఒకటే.

మౌత్‌వాష్, హోమియో చుక్కలు వేసుకుని వెంటనే ఊదినా ఎర్రలైటే వస్తుంది. నోరు పుక్కిలించి పావుగంట ఆగితే సరిపోతుంది. కొనేటప్పుడు ఫ్యూయల్ సెల్ సెన్సారు ఉన్నదే అడగండి. చవక రకాలు వేరే ఆవిర్లకి కూడా ఆల్కహాలని చూపిస్తాయి.

క్లీనరు ఊది డ్రైవరు నడిపే వీలుంది కాబట్టి కెమెరా ఉన్నది తీసుకున్నాను. దారిలో కూడా మళ్లీ ఊదమంటుంది. ఊదకపోతే నడుస్తున్న ఇంజిన్ని ఆపదు, హారన్ మోగిస్తుంది. అది సరైన పద్ధతి, హైవే మీద బండి ఆగిపోతే ఇంకా ప్రమాదం. గంజాయినీ నిద్రమత్తునీ మాత్రం ఇది పట్టలేదు. వాటికి పొద్దున్నే మనిషి కళ్లలోకి చూసి మాట్లాడాల్సిందే, ఆ పని నేనింకా మానలేదు.

లాక్ ఎప్పుడూ కాస్త కరెంటు లాగుతూనే ఉంటుంది. సంక్రాంతి సెలవుల్లో మధ్యమధ్యలో బండి స్టార్ట్ చేయకపోతే బ్యాటరీ దిగిపోతుంది. అన్నిటికన్నా విసిగించింది క్యాలిబ్రేషన్. సెన్సారు మెల్లగా లెక్క తప్పుతుంది, తెలిసిన మోతాదు గ్యాసుతో సరిచూడాలి. అమ్మినవాళ్లు ఇంటికొచ్చి చేస్తామన్నారు, తీరా ప్రతిసారీ విశాఖ రమ్మంటున్నారు. పూట పనిపోతుంది. ఎవరు, ఎక్కడ, ఎన్ని నెలలకోసారి చేస్తారో బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.