టీ గిన్నె కొనేముందు బోర్లించి చూడండి: ఫుజియన్‌లో నాకు తగిలిన దెబ్బ

మా అమ్మకు మాడిన గిన్నె కనబడితే చేతులు ఊరుకోవు. పోయిన నెల సింకులో, నేను చైనా నుంచి తెచ్చుకున్న, టీ తాగే నల్ల మట్టి గిన్నెను చూసి "ఇదేంట్రా, ఇంత నల్లగా మాడబెట్టావు" అంటూ చింతపండు, కొబ్బరి పీచు పట్టుకుని కూర్చుంది. నేను స్నానం చేసి వచ్చేసరికి గిన్నె లోపల నెమలి కంఠం రంగులో మెరిసే వలయాలు సగం లేవు. 2,800 యువాన్లు పోసి కొన్నాను, మన డబ్బుల్లో ముప్పై వేల పైమాటే. సంగతి తెలిసి అమ్మ మొహం చిన్నబోయింది. తప్పు అమ్మది కాదని తర్వాత అర్థమైంది. గిన్నె అసలుదైతే చింతపండు దాన్ని ఏమీ చేయలేదు.

ఉద్యోగానికో, చదువుకో చైనా వెళ్లినవాళ్లు, అక్కడున్న తెలిసినవాళ్లతో తెప్పించుకునేవాళ్లు కొంతమందైనా ఈ నల్ల గిన్నెల పిచ్చిలో ఉన్నారని తెలుసు. వాళ్ల కోసమే ఇది.

ఆఫీసు పని మీద ఆరు నెలలు చైనాలోని ఫుజియన్ రాష్ట్రంలో, షియామెన్ నగరంలో ఉన్నాను. ఒక శనివారం వుయీ కొండలకు వెళ్లాను. పక్కనే జియన్‌యాంగ్. జియన్‌జాన్ అనే ఈ గిన్నెల పుట్టిల్లు అక్కడి షుయిజీ ఊరు. కొండ కింద ఒక టీ కొట్లో కూర్చోబెట్టి దహోంగ్‌పావ్ అనే అక్కడి టీ పోశారు. ఒక విడత, రెండో విడత, మూడో విడత... ఊరికే తాగుతున్నామన్న మొహమాటం మన మెడలో పలుపుతాడవుతుంది. సరిగ్గా అప్పుడే చెక్కపెట్టె తెరిచారు. కొండవాలులో కట్టిన పొడవాటి డ్రాగన్ బట్టీలో పైన్ కట్టెలతో కాల్చిందట, ఖనిజపు పూత తప్ప ఏ రసాయనమూ లేదట, రంగులన్నీ బట్టీ దయవల్ల వాటంతటవే వచ్చాయట. చైనీస్‌లో దానికి 'యావ్‌బియన్' అని ఒక మాట ఉంది, బట్టీలో కలిగిన మార్పు అని. మాట నిజమైనదే. కానీ ఆ కొట్లో ఏ ప్రశ్న వేసినా జవాబు అదే.

జపాన్‌వాళ్లు ఈ తరహా గిన్నెల్ని తెన్‌మొకు అంటారు. చైనాను సోంగ్ రాజులేలిన కాలపు, ఇంద్రధనుస్సు వలయాలున్న గిన్నెల్లో జాతీయ నిధులుగా ప్రకటించినవి జపాన్‌లో మూడున్నాయి: టోక్యో సెయికాదో మ్యూజియంది ఒకటి, ఒసాకా ఫుజిటా మ్యూజియంలో ఒకటి, క్యోటో దైతోకుజి ఆశ్రమంలోని ర్యోకోయిన్‌లో ఒకటి. నూనె చుక్కల్లాంటి మచ్చలున్న గిన్నె ఒకటి 2016లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో కోటి డాలర్లు దాటింది. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసీ, ఆ మూడింటి తమ్ముడు నా చేతికి 2,800కి వచ్చాడని నమ్మాను. నా బుర్రకు దండం పెట్టాలి.

అసలు జియన్‌జాన్ మీద నలుపు వేసిన రంగు కాదు. ఇనుము ఎక్కువున్న రాతి పొడిని, కట్టెల బూడిదను నీళ్లలో కలిపి పూస్తారు. బట్టీ వేడి 1300 డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చేసరికి పూత గాజులా కరుగుతుంది. అందులోని ఐరన్ ఆక్సైడు నుంచి ఆక్సిజన్ విడిపోయి బుడగలు లేస్తాయి. అవి పైకి వస్తూ ఇనుమును మోసుకొస్తాయి, పగిలిన చోట చుక్క మిగులుతుంది. అదే నూనె చుక్క. పూత ఇంకా జారితే ఆ చుక్కలే గోడ వెంట సన్నటి చారలవుతాయి, వాటిని కుందేలు వెంట్రుకలంటారు. హుయిజోంగ్ చక్రవర్తి 1107లో టీ మీద రాసిన గ్రంథంలో మెచ్చుకున్నది ఈ చారలనే, ఇంద్రధనుస్సును కాదు. అప్పట్లో టీ పొడిని గిలక్కొట్టి తెల్లటి నురగ తెప్పించేవాళ్లు. నల్ల గిన్నెలో ఆ తెలుపు బాగా కనబడేది, మందపాటి గోడ వేడిని నిలిపేది. ఆ గిన్నెల విలువంతా ఆ నలుపులోనే ఉండేది.

చుక్కైనా చారైనా పూతలో భాగం. పీచుతో రుద్దితే పోయేది పైన తక్కువ వేడిలో అంటించిన మెరుపు పొర. నాది అదే.

అమ్మ చేసిన పరీక్ష కొట్లో చేయలేం కదా. అందుకే గిన్నెను బోర్లించండి. షియామెన్‌లో నాతో పనిచేసిన ఒకాయనకు ఫోటోలు పంపితే లోపలి రంగుల ఫోటోలు చూడను కూడా చూడలేదు. అడుగు ఫోటో అడిగాడు. అసలు మట్టిలో కూడా ఇనుము ఎక్కువే, అందుకే కాలాక పాదం ముదురు రంగులో, గరుకుగా, చేతికి బరువుగా ఉంటుంది. పూత పాదం దాకా రాదు. కిందికి జారుతూ జారుతూ ఒకచోట లావుపాటి అంచు కట్టి ఆగిపోతుంది, ఒక్కోసారి కన్నీటి బొట్టులా వేలాడుతుంది. పూత కిందికి దిగిపోవడంతో పై అంచు పలచబడి తుప్పు రంగు తేలుతుంది. నా గిన్నెకు అంచు నుంచి అడుగు దాకా గోళ్ల రంగు వేసినట్టు ఒకే మందం. పాదం దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంది, లోపల మట్టి తెల్లగా! తెల్ల మట్టికి పైన నల్ల పూత పూశారన్నమాట. అంత చిన్న పెచ్చు కొట్లోనే కనబడాల్సింది. నేను లోపల రంగులు చూస్తూ కూర్చున్నాను.

పాదం మీద 'గోంగ్ యూ' అని రెండక్షరాలు చూపించి రాజుగారికి పంపిన గిన్నె అంటే కరిగిపోకండి. షుయిజీ తవ్వకాల్లో ఆ ముద్రలున్న పెంకులు దొరికిన మాట నిజం. ఇప్పుడు ఆ ముద్ర ఎవరైనా కొట్టొచ్చు. అదే కొట్లో "ఇది సోంగ్ కాలంది" అని ఇంకోటి కూడా చూపించారు. అది కొనకపోవడం నా తెలివి కాదు, కార్డులో డబ్బు లేదు. ఒకటి గుర్తుంచుకోండి: 1911కి ముందువైన ఇలాంటి పాత కళావస్తువుల్ని చైనా దాటించడం అక్కడి చట్టం ప్రకారం నిషేధం. 'అసలు సోంగ్ గిన్నె, మీ ఇంటికి పార్సిల్ చేస్తాం' అన్నారంటే వస్తువైనా దొంగది, మాటైనా దొంగది.

కరెంటు బట్టీలో కాల్చిన గిన్నె తప్పుడు గిన్నె కాదు. చక్కటి కుందేలు వెంట్రుకల గిన్నెలు కరెంటు బట్టీలోంచీ వస్తాయి, కట్టెల బట్టీ ధరలో కొంత ముక్కకే దొరుకుతాయి. కట్టెలతో కాల్చిందని చెప్పి ఆ ధర పిండటమే మోసం. కట్టెల బట్టీలో వేడి ఒక్కో మూల ఒక్కోలా ఉంటుంది, చాలా గిన్నెలు చెడిపోతాయి. అరల నిండా ముప్పై గిన్నెలు ఒకే వలయాలతో కవలల్లా కూర్చుని ఉంటే అవి కట్టెల బట్టీవని ఎలా నమ్మాను?

కొట్టువాళ్లకు మెసేజ్ పెట్టాను. మొదట "పులుపు తగిలించారు, తప్పు మీదే" అన్నారు. టీ గిన్నెకు పులుపు పడకపోతే ఇంక అందులో ఏం తాగాలి? తర్వాత, నా ఖర్చుతో చైనాకు తిరిగి పంపితే వేరేది ఇస్తామన్నారు. బిల్లు ఫోటో అడిగారు. బిల్లులో ఉన్నది 'టీ గిన్నె, ఒకటి' అంతే. కట్టెల బట్టీ అన్న మాట ఎక్కడా లేదు. సర్టిఫికెట్ కార్డు మీద గిన్నె చేసిన గురువుగారి ఎర్ర ముద్ర ఉంది, కాల్చిన తీరు లేదు. రెండోసారి అడిగితే బ్లాక్ చేశారు. మీరు కొంటే ఏ బట్టీ, ఏ పూత అన్నది బిల్లు మీదే రాయించుకోండి. రాయడానికి నసిగితే లేచి వచ్చేయండి, తాగిన టీకి డబ్బులిచ్చి మరీ.

ఇప్పటికే ఇలాంటి మెరుపు గిన్నె ఇంట్లో ఉంటే, రంగు కొంచెమైనా వదులుతుంటే అందులో తాగొద్దు. తక్కువ వేడిలో అంటించే రంగుల్లో సీసం, కాడ్మియం ఉండే వీలుంది, పులుపు తగిలితే అవి బయటికొస్తాయి. నిమ్మకాయ టీ అసలే పోయొద్దు.

నా గిన్నె ఇప్పుడు అమ్మ దగ్గరే ఉంది. అందులో పిన్నీసులు, తలపిన్నులు వేసుకుంటోంది. నేను అటు వెళ్లినప్పుడల్లా దాన్ని టీవీ వెనక్కి జరుపుతుంది.