గ్యారేజీ కప్పు మీరే వేసుకుంటే: జీఏఎఫ్ టింబర్‌లైన్ హెచ్‌డీజెడ్ షింగిల్స్‌పై సమీక్ష

అమెరికాలో సొంతంగా కప్పు వేసుకునేవాళ్లకు జీఏఎఫ్ కంపెనీ హెచ్‌డీజెడ్ మంచి షింగిలే (షింగిల్ అంటే కప్పు మీద పరిచే తారు పలక). కానీ బండిల్ (షింగిల్స్ కట్ట) రేటు ఒక్కటే చూసి లెక్క వేసుకుంటే బడ్జెట్ దాటిపోతుంది. షింగిల్ కన్నా దాని చుట్టూ పడే సామానుతోనే అసలు పేచీ.

దీని గొప్పంతా మేకు పట్టీలో ఉంది. ఈ రకం షింగిల్‌లో రెండు పొరలు అతికి ఉంటాయి. మేకు ఆ రెంటినీ కలిపి పట్టాలి. పైకి పడితే వెనక పొరకు ఆధారం ఉండదు, గాలికి షింగిల్ లేస్తుంది. పాత రకాల్లో మేకు పడాల్సిన చోటు సన్నగా ఉండేది. ఇందులో 1.8 అంగుళాల వెడల్పుంది కాబట్టి చెయ్యి తిరగనివాళ్లకూ గురి తప్పదు. షింగిల్‌కి 4 మేకులు, గాలి ఎక్కువున్న చోట 6. మేకు తల షింగిల్‌కి సమంగా ఆగాలి. మేకులు కొట్టే గన్‌కి కంప్రెసర్ ప్రెజర్ ఎక్కువైతే తల లోపలికి కోసుకుపోతుంది. పట్టీ ఎంత వెడల్పున్నా అప్పుడు లాభం లేదు.

ఇప్పుడు లెక్క. 20 × 24 అడుగుల విడి గ్యారేజీ, చుట్టూ అడుగు చూరు, 12కి 5 వాలు (12 అంగుళాల అడ్డానికి 5 అంగుళాల ఎత్తు) అనుకోండి. కప్పు దాదాపు 620 చదరపు అడుగులు. పది శాతం తరుగు కలిపితే 682. బండిల్ 33.3 చదరపు అడుగులు కప్పుతుంది కనుక 21 బండిల్స్. చూర్లు, పక్క అంచులు కలిపి నూరడుగులు వస్తాయి, ప్రో-స్టార్ట్ స్టార్టర్ (అంచుల్లో షింగిల్స్ కింద ముందుగా వేసే పట్టీ) ఒక్క బండిల్ సరిపోతుంది. కొప్పు దగ్గరే చిక్కు. దాని పొడవు 26 అడుగులు, కొప్పు మీద వేసే సీల్-ఎ-రిడ్జ్ బండిల్ వచ్చేది సుమారు 25 అడుగులకు. ఆ ఒక్క అడుగు కోసం రెండో బండిల్ కొనక తప్పదు. మామూలు షింగిల్ ముక్కలు కోసి కొప్పు మీద వేద్దామనుకోకండి, రెండు పొరలది సరిగ్గా వంగదు. పైగా వారంటీ కూడా పోతుంది. గాలి వేగానికి పరిమితి లేని 15 ఏళ్ల వారంటీ కావాలంటే స్టార్టర్, రిడ్జ్ క్యాప్ (కొప్పు షింగిల్), అండర్‌లేమెంట్ (షింగిల్స్ కింద పరిచే షీటు) జీఏఎఫ్‌వే అయి ఉండాలి. వాటితోపాటు లీక్ బారియర్ (నీళ్లు దిగే చోట్ల అతికించే షీటు) గానీ అటక వెంటిలేషన్ గానీ వాళ్లదే ఉండాలి. కంపెనీ తెలివి అక్కడుంది!

బండిల్ 70 పౌండ్లకు అటూ ఇటూ తూగుతుంది. ఇరవయ్యొక్కటి నిచ్చెన మీద మోసేకంటే కప్పు మీదికే డెలివరీ పెట్టించుకోండి. అన్నీ ఒకేచోట పేర్చకుండా కొప్పు వెంట పరిచి పెట్టించండి.

వేసే వరస పెంకుటింటిదే, చూరు నుంచి పైకి. చూరు దగ్గర డ్రిప్ ఎడ్జ్ (అంచుకు బిగించే రేకు) అండర్‌లేమెంట్ కిందికి, పక్క అంచుల్లో పైకి వస్తుంది. చాలామంది రెండు చోట్లా ఒకేలా బిగిస్తారు, నీళ్లు ప్లైవుడ్‌లోకి దిగేది అక్కడే. స్టార్టర్ బంక గీత బయటి అంచు వైపుండాలి. తిరగేసి పెడితే మొదటి వరస అంటుకోదు. స్టార్టర్ మొదటి ముక్క కొంత కోసి మొదలుపెడితే దాని అతుకు, పై షింగిల్ అతుకు ఒకచోట పడవు. ఆపైన ప్రతి వరసా 5⅝ అంగుళాలు కనపడాలి, పక్కపక్క వరసల అతుకులకు ఆరంగుళాల ఎడం ఉంచండి. వెనకనున్న ప్లాస్టిక్ పట్టీ పీకక్కర్లేదు. అది బండిల్లో షింగిల్స్ ఒకదానికొకటి అంటుకోకుండా పెట్టింది. అది పీకుతూ పూటంతా పోగొట్టుకునేవాళ్లు ఉంటారు.

కోయడం వెనక వైపు నుంచి, హుక్ బ్లేడుతో. ముందు నుంచి కోస్తే రాళ్లపొడికి బ్లేడు ఇట్టే మొద్దుబారుతుంది.

2:12 కన్నా తక్కువ వాలుకు ఈ షింగిల్ పనికిరాదు. 2 నుంచి 4 మధ్య అయితే అండర్‌లేమెంట్ రెండు పొరలు వేయాలి. రెండంతస్తుల ఇల్లు, నిటారు కప్పు, స్కైలైట్లు ఉంటే పనివాళ్లకే వదిలెయ్యండి.

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు ఇంకో మాట. హెచ్‌డీజెడ్ వడగళ్లకు క్లాస్ 4 రేటింగున్న (దెబ్బ తట్టుకోవడంలో అన్నిటికన్నా పై తరగతి) షింగిల్ కాదు. ఆ రేటింగుకు టెక్సస్‌లో చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియం తగ్గిస్తాయి, కొనేముందు మీ ఏజెంటును అడిగి చూడండి. చలికాలంలో వేస్తే బంక ఎండ తగిలేదాకా పట్టదు. ప్రతి షింగిల్ కింద క్వార్టర్ నాణెమంత ఆస్ఫాల్ట్ సిమెంటు చుక్కలు పెట్టి చేత్తో నొక్కాలి.