రాలిన కొమ్ము కోసం తాడోబాలో రెండు రోజులు

మా బాపు చిన్నప్పుడు సిరొంచ దగ్గర ఇప్పపువ్వు ఏరడానికి పోతే కణుజు (సాంబర్ జింక) కొమ్ములు కనిపించేవట. ఆ మాట వినీ వినీ మా పాప ఈసారి పట్టుబట్టింది. పులి కనిపించకపోయినా పర్లేదు, రాలిన కొమ్ము చూడాలంది. మార్చి చివరి వారంలో బల్లార్‌పూర్ నుంచి ముగ్గురం మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవికి బయలుదేరాం.

ఆ వారం కావాలనే ఎంచుకున్నాం. మగ కణుజులు ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లోనే కొమ్ములు రాలుస్తాయి. చుక్కల దుప్పులకు అంత కచ్చితమైన కాలం లేదు. ఒకే మందలో ఒకదానికి ఎదిగిన కొమ్ములుంటే, పక్కదానికి మెత్తటి తోలు కప్పిన లేత కొమ్ములుంటాయి. అడవిదున్న, మనుబోతు కొమ్ములైతే అసలు రాలవు.

హైదరాబాద్, కాజీపేట వైపు నుంచి వచ్చేవాళ్లు బల్లార్షా (బల్లార్‌పూర్ స్టేషన్)లో గానీ చంద్రపూర్‌లో గానీ రైలు దిగొచ్చు. చంద్రపూర్ నుంచి మోహర్లీ గేటు సుమారు 30 కిలోమీటర్లు. మంగళవారం పార్కుకు సెలవు. సఫారీ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి.

మొదటి రాత్రి ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, జొన్నరొట్టె, వంకాయ కూర బాగున్నాయి. కానీ హాల్లో గోడకు దుప్పి కొమ్ములు వేలాడదీశారు. కావాలంటే ఇలాంటివి ఇప్పిస్తామని అక్కడి మనిషి మెల్లగా అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. రాలినదైనా సరే, కొమ్ము కొనడం, అమ్మడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నది ఇలాంటి బేరాలు ఆపడానికే. పొద్దున్నే గది ఖాళీ చేసి మహారాష్ట్ర పర్యాటక సంస్థ (ఎంటీడీసీ) రిసార్టుకు మారాం. ఇరై జలాశయం పక్కనే ఉంటుంది. గదులు కాస్త పాతవే, అయినా సాయంత్రం నీళ్ల మీది గాలికి బాపు ప్రాణం లేచొచ్చింది.

కోర్ (లోపలి అడవి) సఫారీలో ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, బండి దిగనివ్వరు. మా డ్రైవర్ ధ్యాసంతా పులి మీదే. రెండుసార్లు అడిగితే గానీ బండి నెమ్మది చేయలేదు. అప్పుడు నీటిగుంట దగ్గర ఒక కణుజు కనిపించింది. ఒక్క కొమ్మే ఉంది! రెండోది రాలిపోయిన చోట ఎర్రటి గుండ్రటి మచ్చ. పాప ఊపిరి బిగబట్టి చూసింది. నాకైతే పులిని చూసినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

కొమ్ము నేల మీద చూడాలంటే మాత్రం బఫర్‌లో (కోర్ చుట్టూ ఉండే అడవిలో), ఊరి గైడ్ తోడుతో నడవాల్సిందే. మాకు దొరికిన గైడ్ ముప్పై ఏళ్ల గోండు యువకుడు, తెలుగు కొంచెం వచ్చు. ఇప్పపువ్వు రాలే రోజులు కాబట్టి జాగ్రత్తగా ఉండాలన్నాడు. పువ్వు ఏరేటప్పుడు వంగి కూర్చున్న మనుషుల మీద పులి దాడులు జరుగుతుంటాయట. దారి విడవొద్దని పదేపదే చెప్పాడు. బాపు మోకాళ్లు చూసి ఎండెక్కకముందే వెనక్కి తిప్పుతానన్నాడు. డబ్బులు తీసుకున్నందుకు పని చేసిపెట్టడం వేరు, ఇలా చూసుకోవడం వేరు.

మోదుగలు విరబూసి ఉన్నాయి. కాలి కింద టేకాకులు పటపటమంటున్నాయి. వెదురు పొద పక్కన ఆకుల్లోంచి తేలి కనిపించిందది. మొదట ఎండు కొమ్మ అనుకున్నాను. గరుకు గరుకుగా, మొదలు దగ్గర బొడిపెలు బొడిపెలుగా ఉంది. కొన మీద పళ్ల గాట్లు. ఏదుపంది కొరికిందని గైడ్ చెప్పాడు. కొమ్ము ఎముకే కదా, అందులోని కాల్షియం కోసం ఏదుపందులు కొరుక్కు తింటాయి. మనం ఎత్తుకుపోతే వాటి తిండి ఎత్తుకుపోయినట్టే.

బాపు పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ముట్టుకోకుండా, గాలిలోనే జానతో కొలిచాడు.

"మూడు జానలు, నాలుగు వేళ్లు. రాసుకో బిడ్డా."

పాప తన నోటు పుస్తకంలో రాసుకుంది.